క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ: ముందు ఏది, తర్వాత ఏది (సీమ నుంచి వెళ్లేవాళ్ల కోసం)

"అక్కా, ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోయింది, పీహెచ్‌డీ సీటు కూడా వచ్చేటట్టుంది, అది చేసేస్తే కర్నూల్లో క్లినిక్ పెట్టుకోవచ్చు కదా?"

ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. ఒకసారి నంద్యాల నుంచి, ఒకసారి ప్రొద్దుటూరు నుంచి, మొన్న గుంతకల్లు నుంచి. జవాబు చెప్పగానే అవతల కాసేపు మాట ఉండదు. ఎందుకంటే పెట్టుకోలేరు. పీహెచ్‌డీ వస్తే పేరు ముందు డాక్టర్ వస్తుంది, రోగిని చూసే హక్కు రాదు. ఆ హక్కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి, దాని రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుంటేనే వస్తుంది.

ఈ రెండింటి వరుస తారుమారైతే నాలుగైదేళ్లు పోతాయి. అందుకే ఇక్కడ వరుసకే ఎక్కువ చోటిచ్చాను. నేను అనంతపురంలో పనిచేస్తున్నాను, ఈ దారిలో నేను పడ్డ గుంతలు కూడా మధ్యలో వస్తాయి.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: లైసెన్సా, డాక్టరేటా, రెండూనా

కాగితం తీసి ఒక్క వాక్యం రాయండి: పదేళ్ల తర్వాత సోమవారం పొద్దున పది గంటలకు నేను ఏం చేస్తూ ఉండాలి?

రోగి ఎదురుగా కూర్చుని ఉండాలంటే మీకు ముందు కావాల్సింది ఆర్‌సీఐ గుర్తింపు. క్లాసులో పాఠం చెబుతూ ఉండాలంటే సైకాలజీలో నెట్ (అధ్యాపకుల అర్హత పరీక్ష), పీహెచ్‌డీ చాలు, ఆర్‌సీఐ జోలికి పోనక్కర్లేదు. ఆసుపత్రిలో రోగులను చూస్తూ, పరిశోధన చేస్తూ, విద్యార్థులకు శిక్షణ ఇస్తూ ఉండాలంటే రెండూ కావాలి, అదీ ఆర్‌సీఐ కోర్సు ముందు, పీహెచ్‌డీ తర్వాత.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో నిర్వచనం ఉంది, అందులో ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న చదువు గురించే చెప్పారు, ఉత్తి పీహెచ్‌డీ గురించి కాదు. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలే కదా అని నవ్వుకునేవాళ్లను చూశాను. ఆ ముందున్న జైలు మాట మాత్రం వాళ్లకు కనబడదు.

## 2. ఉన్న దారులు

ఎంఫిల్ దారి. ఎంఏ లేదా ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ, ఇన్నాళ్లూ అందరూ నడిచింది ఈ దారే. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్ డిగ్రీనే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా ప్రవేశాలకు వెసులుబాటు ఇచ్చింది. ఇప్పటికే ఎంఫిల్ చేసి రిజిస్టర్ అయినవాళ్లకు ఏ బెంగా లేదు.

కొత్త దారి. ఎంఫిల్ స్థానంలోకి ఆర్‌సీఐ ఎంఏ క్లినికల్ సైకాలజీ, సైడీ (Psy.D., డాక్టర్ ఆఫ్ సైకాలజీ) కోర్సులు తెచ్చింది. సైడీ కూడా డాక్టరేట్ స్థాయిదే, కానీ అది రోగులతో పని నేర్పే డిగ్రీ, పీహెచ్‌డీ పరిశోధన నేర్పే డిగ్రీ.

పీహెచ్‌డీ మాత్రమే. కడప యోగి వేమన యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీయూ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, వీటిలో సైకాలజీ లేదా హెల్త్ సైకాలజీ విభాగాలున్నాయి. ఆసుపత్రి వాతావరణంలోనే పరిశోధన చేయాలంటే మనకు దగ్గర బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్. అనంతపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, తెల్లవారుజామున బస్సెక్కితే టిఫిన్ అక్కడే తినొచ్చు. సీటు రావడం మాత్రం అంత దగ్గర కాదు.

ఏ సంస్థలో చేరుతున్నా ఫీజు కట్టకముందే ఇవి చూసుకోండి:

- ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరం, మూడూ ఉన్నాయా? సంస్థకు స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుకు గుర్తింపు ఉండి, క్లినికల్ సైకాలజీకి లేకపోవచ్చు. కరపత్రంలో మాత్రం "ఆర్‌సీఐ గుర్తింపు పొందిన సంస్థ" అనే ఉంటుంది.
- మీ ఎంఏ రెగ్యులరా, దూరవిద్యా? రెగ్యులర్ డిగ్రీ కావాలని అడిగే నోటిఫికేషన్లు ఉంటాయి, ఆ వరుసను రెండుసార్లు చదవండి. సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పకూడదని 2025లో యూజీసీ ఆపేసింది కాబట్టి కొత్తగా చేరేవాళ్లకు ఆ ఆలోచనే వద్దు.
- "ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ" అన్నవాళ్లకు దండం పెట్టి రండి. ఆన్‌లైన్ పీహెచ్‌డీని యూజీసీ ఒప్పుకోదు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది, దానికి మీ ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి.

విదేశాల గురించి రెండే ముక్కలు. అమెరికాలో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న కోర్సు, చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత లైసెన్స్ పరీక్ష, అన్నీ కలిపి ఐదు నుంచి ఏడేళ్లు అనుకోండి. బ్రిటన్‌లో మూడేళ్ల ప్రొఫెషనల్ డాక్టరేట్ ఉంటుంది, పూర్తయ్యాక అక్కడి ఆర్‌సీఐ లాంటి హెచ్‌సీపీసీలో రిజిస్టర్ కావాలి. అక్కడ చదివి ఇక్కడికొచ్చి ప్రాక్టీస్ పెట్టాలనుకుంటే మళ్లీ ఆర్‌సీఐ గడప తొక్కాల్సిందే, అది లెక్కలో వేసుకుని అప్పు తీసుకోండి.

## 3. కాగితాలు

సీటు పోయేది చాలాసార్లు తెలివి తక్కువై కాదు, కాగితం తక్కువై. నా సంగతే చెబుతాను. నా దగ్గర రాష్ట్రంలో చెల్లే బీసీ సర్టిఫికెట్ ఉంది, అదే జత చేశాను. కేంద్ర సంస్థ వాళ్లు అడిగింది కేంద్ర నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. ఇంటర్వ్యూ రోజు పొద్దున ఆ సంగతి తెలిసింది, జనరల్‌లో కూర్చోబెట్టారు. ఏడాది పోయింది.

- పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం మార్కులు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి రావాలంటే 75 శాతం.
- కేంద్ర నమూనా ఓబీసీ లేదా ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్, నోటిఫికేషన్ అడిగిన ఆర్థిక సంవత్సరానిది. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ సంతకం దాకా మీరే వెంటపడాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ముందు అది చూడండి.
- టెన్త్ మెమోలో, ఆధార్‌లో, డిగ్రీలో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరం, మన దగ్గర ఇది మామూలే. ఇప్పుడే సరిచేయించుకోండి.
- మైగ్రేషన్, ప్రొవిజనల్, కాన్వొకేషన్. మూడూ స్కాన్ చేసి ఫోన్లో ఒకచోట పెట్టుకోండి.

## 4. నెట్, ఆర్‌సెట్

2024-25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరు వాడుకోమని యూజీసీ చెప్పింది. నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తుంది: జేఆర్ఎఫ్‌తో (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కలిపి అన్నీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పీహెచ్‌డీ, పీహెచ్‌డీకి మాత్రమే. వెనక రెండు రకాల వాళ్లకు పీహెచ్‌డీ ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు ప్రవేశానికి ఏడాదే చెల్లుతుంది. అంటే నెట్ రాసేనాటికే ఏ యూనివర్సిటీ, ఏ గైడ్ అన్నది మనసులో ఉండాలి. ఫలితం వచ్చాక వెతుక్కుందాంలే అనుకుంటే ఆ ఏడాది తిరణాల రంగులరాట్నంలా తిరిగి దిగిపోతుంది.

రాష్ట్ర యూనివర్సిటీలకు పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీ ఆర్‌సెట్ నోటిఫికేషన్ వస్తే అదీ వదలొద్దు.

నెట్‌లో పేపర్ 1కి (బోధన, పరిశోధన సామర్థ్యం మీద అందరికీ ఒకటే పేపర్) 50 ప్రశ్నలు, సైకాలజీ పేపర్‌కు 100 ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. మనవాళ్లు సైకాలజీ బాగా చదివి పేపర్ 1లో దెబ్బతింటారు. రోజూ అరగంట దానికి పెట్టండి. సైకాలజీలో దెబ్బకొట్టేవి స్టాటిస్టిక్స్, బ్రెయిన్ భాగాలు. ఫ్రాయిడ్‌ను పదిసార్లు చదవడం ఆపి అటు వెళ్లండి.

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. వయసు పరిమితి 30, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు. ఇంట్లో "ఇంకెన్నేళ్లు చదువుతావమ్మా" అనే మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

## 5. గైడ్‌ను ఎంచుకోవడం

సీటు కంటే గైడ్ ముఖ్యం. అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగండి:

1. మీ దగ్గర ఖాళీ ఉందా? ప్రొఫెసర్ ఒకేసారి 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని మించి తీసుకోకూడదు.
2. రిటైర్మెంట్ ఎప్పుడు? మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదన్నది నిబంధన. ఇది నేరుగా అడగడం కష్టమే, డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లను అడగండి, తేదీతో సహా చెబుతారు.
3. మీ స్కాలర్లు సగటున ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు?
4. రోగులు ఎక్కడ దొరుకుతారు? యూనివర్సిటీ సైకాలజీ విభాగానికి సొంత ఆసుపత్రి ఉండదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీలో డేటా తీయాలంటే అక్కడి విభాగాధిపతి ఒప్పుకోవాలి, వీలైతే ఆ విభాగం నుంచి ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకోండి.

మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అని పేజీన్నర రాయకండి. మీరెవరు, వాళ్ల ఏ పేపర్ చదివారు, అందులో మీకు తట్టిన ప్రశ్న ఏమిటి, మీ దగ్గర ఏ అర్హత ఉంది. పది వరుసలు. వారం దాకా జవాబు రాకపోతే మళ్లీ ఒకసారి రాయండి, అప్పటికీ రాకపోతే నేరుగా వెళ్లి గది బయట కూర్చోండి. మన దగ్గర ఇది పనిచేస్తుంది.

## 6. టాపిక్‌ను చిన్నది చేయడం

"రాయలసీమ రైతుల్లో డిప్రెషన్, ఒత్తిడి, జీవన నాణ్యతల మీద ఒక అధ్యయనం." ఇది టాపిక్ కాదు, జిల్లా పరిషత్ నివేదిక పేరు.

దాన్ని ఇలా కోస్తూ రండి. ఎవరు? రైతులు కాదు, కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లొచ్చే ఆడవాళ్లు. ఏం? డిప్రెషన్ లక్షణాలు. ఏం చేస్తారు? బిహేవియరల్ యాక్టివేషన్, అంటే మనసు కుదిరాక పని చేద్దాం అని ఆగకుండా చిన్న చిన్న పనులను రోజువారీ వరుసలో తిరిగి పెట్టించే థెరపీ. దేనితో పోలుస్తారు? మామూలుగా దొరికే వైద్యంతో. ఎప్పుడు కొలుస్తారు? మొదట్లో, అయిపోయాక, మూడు నెలలకు.

ఇప్పుడిది టాపిక్. అయితే ఇప్పుడే అసలు ప్రశ్నలు మొదలవుతాయి.

థెరపీ ఎవరిస్తారు? మీరే అయితే మీకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా? పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో ఎవరో ఒకరు ఇది అడుగుతారు, అడగాలి కూడా. లేకపోతే థెరపీ పరీక్షించే టాపిక్ వదిలేయండి, లేదా లైసెన్స్ ఉన్నవాళ్లు థెరపీ ఇచ్చేలా, మీరు కొలిచేలా మార్చుకోండి. నేను మొదట్లో చెప్పిన వరుస ఇక్కడ మళ్లీ ఎదురొస్తుంది.

## 7. ఎంతమంది కావాలి: వేళ్ల మీద లెక్క

"మా సీనియర్ 100 మందిని తీసుకున్నాడు, నేనూ 100" అనకండి. జీపవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు గ్రూపులు, మధ్యస్థంగా 0.5 తేడా (ఎఫెక్ట్ సైజ్), 80 శాతం పవర్ (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 0.05 స్థాయి (లేని తేడా ఉందని పొరబడే అవకాశం) అని ఇస్తే గ్రూపుకు 64 మంది, మొత్తం 128 అని చెబుతుంది. ఐదుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుంటే 128ని 0.8తో భాగించండి, 160 వస్తుంది.

బాగుంది. ఇప్పుడు దాన్ని మీ క్యాలెండర్ మీద పెట్టండి. థెరపీ గ్రూపులో 80 మంది, ఒక్కొక్కరికి 8 సెషన్లు, 640 సెషన్లు. రోజుకు నాలుగు చేస్తే 160 పనిదినాలు. అదీ మీకు జ్వరం రాక, బస్సు తప్పక, వాళ్లింట్లో పెళ్లి లేక. చాలామంది ఈ గుణింతం చేయకుండానే ప్రపోజల్ ఇచ్చేస్తారు, మూడో ఏడు వచ్చాక తల పట్టుకుంటారు.

దీనికి తిరుగుడు మార్గాలు రెండు మూడున్నాయి. సెషన్లు ఆరుకో నాలుగుకో తగ్గించడం, దానికి ముందు పరిశోధనల ఆధారం చూపించాలి. గ్రూపుగా ఇవ్వడం, కానీ ఒకే గ్రూపులో కూర్చున్నవాళ్లు ఒకళ్లలా ఒకళ్లు అవుతారు కాబట్టి సంఖ్య పెరుగుతుంది: రెండువైపులా ఎనిమిదేసి మంది గ్రూపులు, ఒకే గ్రూపువాళ్ల మధ్య పోలిక (ఐసీసీ) 0.05 అనుకుంటే ఒక్కోవైపు 64 కాస్తా 87 అవుతుంది. లేదా థెరపీ పక్కన పెట్టి ఒక్కసారి కొలిచే అధ్యయనం. నన్నడిగితే మొదటి పీహెచ్‌డీకి అందులో నామోషీ ఏమీ లేదు.

లెక్కలకు జమోవి, ఆర్ రెండూ ఉచితమే. డబ్బు పెట్టి కొనాల్సిన ఎస్‌పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్‌ను దొంగగా వేయించుకోవడం కోసం నెట్ సెంటర్ చుట్టూ తిరగక్కర్లేదు.

## 8. ప్రశ్నావళిని తెలుగులోకి, అందులోనూ సీమ తెలుగులోకి తేవడం

అందరూ పదిహేను రోజుల్లో అయిపోతుందనుకునే పని ఇది. నాకు ఐదు నెలలు పట్టింది.

నా మొదటి అనువాదంలో "నిస్పృహ" అని రాశాను. యూనివర్సిటీలో ఇద్దరు ప్రొఫెసర్లు చూసి చాలా బాగుందన్నారు. పైలట్‌కు, అంటే అసలు డేటాకు ముందు చేసే చిన్న ట్రయల్‌కు, తాడిపత్రి దగ్గర పల్లెకు పోయాను. అరుగు మీద కూర్చున్న అవ్వకు చదివి వినిపించాను. "గత రెండు వారాల్లో మీరు నిస్పృహకు లోనయ్యారా?" అవ్వ నా మొహంలోకి చూసి, "అదేందిమ్మా, యాడికీ లోను కాలేదు, ఇంటికాడే ఉండా" అంది. పక్కనున్న కోడలు నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

తర్వాత అదే అవ్వ, నేను పెన్ను మూసేశాక, రాత్రిళ్లు గుండెల్లో దిగులుగా ఉంటుందనీ, పొద్దున లేస్తే ఏ పని మీదా మనసు పోదనీ, తలకాయంతా బరువుగా ఉంటుందనీ తనంతట తానే చెప్పింది. నాకు కావాల్సిన మాటలన్నీ అవే. దిగులు. మనసు పోకపోవడం. నోట్‌బుక్ మళ్లీ తెరిచి రాసుకున్నాను.

వరుస ఇది, ఒక్కటీ దాటేయొద్దు:

1. ఇప్పటికే తెలుగు అనువాదం ఉందేమో వెతకండి. ఉంటే అదే వాడండి.
2. స్కేల్, అంటే కొలిచే ప్రశ్నావళి, ఎవరిదో చూడండి. డిప్రెషన్‌ను తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటివి ఉచితం. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ లాంటివి కొనాలి. జిరాక్స్ కొట్టు దగ్గర దొరికింది కదా అని వాడితే పేపర్ ప్రచురణప్పుడు పట్టుకుంటారు.
3. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి చేయాలి, ఒకరు సైకాలజీ తెలిసినవాళ్లు, ఒకరు తెలియనివాళ్లు. రెండూ కలిపి ఒకటి చేయండి.
4. మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయాలి. అసలుతో పోల్చండి.
5. పది పదిహేను మందికి వినిపించి, "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. అవునా కాదా అని కాదు, వాళ్ల మాటల్లో.
6. మార్చండి. మళ్లీ వినిపించండి.
7. ఆ తర్వాతే విశ్వసనీయత (రిలయబిలిటీ) లెక్కలకు పోండి.

కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కావాలి, ఆదోని, మడకశిర వైపు కన్నడం వచ్చినవాళ్లు తగులుతారు. వాళ్లను మినహాయిస్తారా, వాళ్ల భాషలో అడుగుతారా, ప్రపోజల్‌లోనే రాయండి. చదువు రానివాళ్లకు "ఎప్పుడూ లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు రోజూ" అన్న నాలుగు మెట్లు నోటితో చెబితే నిలవవు. నేను నాలుగు గ్లాసులు పెట్టాను, ఖాళీది, పావు, సగం పైన, నిండుది. వేలు పెట్టి చూపించారు. కానీ ఇలా చేస్తే ఆ పద్ధతినీ పైలట్‌లో పరీక్షించి థీసిస్‌లో రాయాలి.

## 9. ఎథిక్స్ కమిటీ

వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన ఎథిక్స్ మార్గదర్శకాలను ఒకసారి పూర్తిగా చదవండి, పెద్దదే, అయినా చదవండి. కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క మనిషినీ ప్రశ్న అడగకూడదు. "తర్వాత తెచ్చుకుందాంలే" అని తీసిన డేటా పారబోయాల్సిందే, ఆ తేదీని వెనక్కి వేయించడానికి ప్రయత్నించారంటే మీ కథ అంతటితో సరి.

- తెలుగులో సమాచార పత్రం, సమ్మతి పత్రం. "పరిశోధనార్థం" లాంటి మాటలు తీసేయండి. "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయచ్చు, మానేసినా మీకు ఆసుపత్రిలో వైద్యం మామూలుగానే జరుగుతుంది" అన్న వాక్యం తప్పనిసరి.
- చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, వేలిముద్రతో పాటు సంబంధం లేని సాక్షి సంతకం. సాక్షిగా మీ స్నేహితురాలిని పెట్టొద్దు.
- పేర్లు ఒక ఫైల్లో, జవాబులు కోడ్ నంబరుతో ఇంకో ఫైల్లో. రెండింటికీ పాస్‌వర్డ్. పల్లెల్లో పేరు లేకపోయినా "పలానా వాళ్ల చిన్న కోడలు" అంటే తెలిసిపోతుంది, అలాంటి వివరాలు కూడా తీసేయండి.
- చావు ఆలోచన వస్తోందని ఎవరైనా చెబితే ఏం చేస్తారు? పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న అదే. ఆ రోజే ఎవరికి ఫోన్ చేస్తారు, ఏ డాక్టర్ దగ్గరికి పంపుతారు, తోడు ఎవరు వెళ్తారు, అంతా ముందే రాసిపెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు అచ్చేసిన చీటీ ప్రతి ఒక్కరికీ ఇవ్వండి, కానీ చీటీ ఇచ్చి మీరు బస్సెక్కేయడం ప్లాన్ కాదు.
- థెరపీ పరీక్షించే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయండి.

## 10. డేటా తీయడం: పంచాంగం చూసుకోండి

సీమలో డేటా సేకరణకు సీజన్ ఉంది. అనంతపురం వైపు వేరుశనగ పీకే రోజుల్లో పల్లెలో పగలు మనిషి దొరకడు. కర్నూలు పడమట సంక్రాంతి దాటాక ఇళ్లకు తాళాలే, ఊరు ఊరంతా మిరప కోతలకు పోయి ఉంటుంది. నవంబరులో మొదలుపెట్టి మూడు నెలల ఫాలోఅప్ అని రాసుకున్నారనుకోండి, ఫిబ్రవరిలో మీరు తాళాలను ఇంటర్వ్యూ చేయాలి. నా స్నేహితురాలికి అచ్చం ఇదే జరిగింది, అరవై మందిలో ఇరవై రెండు మందే దొరికారు.

చేయాల్సింది: ఫాలోఅప్ తేదీ ముందు రాసుకుని వెనక్కి లెక్కపెట్టి మొదలుపెట్టండి. రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, ఒకటి వాళ్లది, ఒకటి వాళ్లు ఒప్పుకున్న బంధువుది. ఆశా కార్యకర్తతో పరిచయం పెట్టుకోండి, కానీ ఎవరికి ఏ స్కోరు వచ్చిందో ఆమెకు చెప్పొద్దు. రంజాన్ నెలలో సాయంత్రం అపాయింట్‌మెంట్లు వద్దు.

ప్రతి రాత్రీ ఆ రోజు డేటా ఎక్కించేయండి. ఆదివారం కూర్చుని చేద్దాం అనుకున్నవి కట్టలు కట్టి అటకెక్కుతాయి.

## 11. థీసిస్, సిమిలారిటీ, వైవా

కోర్స్‌వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు, ప్రతి సెమిస్టర్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్. మొత్తం వ్యవధి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు అదనం. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఉంది, అడిగి తీసుకోండి, ఎవరూ పిలిచి ఇవ్వరు.

మెథడ్ చాప్టర్ డేటా తీసేటప్పుడే రాయండి, అప్పుడు గుర్తుంటుంది. రెఫరెన్సులు దాచిపెట్టుకోవడానికి మొదటి రోజు నుంచే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడండి.

సిమిలారిటీ, అంటే మీ థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో కలిసే భాగం, 10 శాతం దాకా ఇబ్బంది లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డబ్బులు తీసుకుని వారంలో పేపర్ వేస్తామనే జర్నళ్ల మెయిళ్లు తెరవొద్దు కూడా. నిబంధనల్లో పేపర్ తప్పనిసరి అని ఇప్పుడు లేకపోయినా మీ యూనివర్సిటీ అడగొచ్చు, ఆర్డినెన్స్ చూసుకోండి.

వైవాలో తప్పకుండా వచ్చేవి మూడు: ఇంతమందినే ఎందుకు తీసుకున్నావు, ఈ స్కేలే ఎందుకు, మానేసినవాళ్లను లెక్కలో ఏం చేశావు. 7, 8, 10 భాగాల్లో చెప్పిన పని చేసి ఉంటే టెన్షన్ అక్కర్లేదు. అందరూ వచ్చి కూర్చోగలిగే వైవా కాబట్టి మా నాన్న కూడా వెనక బెంచీలో కూర్చున్నాడు. బయటికొచ్చాక "వాళ్లకు నీ మీద ఏం కోపం మ్మా, అంతసేపు వాదులాడినారు" అన్నాడు.

వైవా అయిపోయాక ఊరికి బయల్దేరే ముందు ఆఫీసులో రెండు పనులున్నాయి. థీసిస్ సాఫ్ట్‌కాపీ దేశంలోని థీసిస్‌లన్నీ దాచే ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో పెట్టడానికి ఇచ్చేయండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో పాటు, మీ పీహెచ్‌డీ యూజీసీ నిబంధనల ప్రకారమే ఇచ్చామని రాసిన ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూల్లో అడిగేది అదే, నాలుగేళ్ల తర్వాత మళ్లీ పోతే ఆ సెక్షన్ గుమాస్తా మారిపోయి ఉంటాడు.